పిల్లవాడు పిరికివాడా? బండే ఎత్తుగా ఉందా?

పేరు రాయవద్దని కోరిన ఒక తల్లి పంపిన ఉత్తరం సారాంశం ఇది. ఆమె బాబుకు రెండేళ్ల ఎనిమిది నెలలు. ఎత్తు 88 సెంటీమీటర్లు, బరువు 12 కిలోలు. ఈడు పిల్లల్లో కాస్త పొట్టి అయినా ఇల్లంతా పరుగులు పెట్టే రకం. మూడు నెలల కిందట మామగారు మనవడి మీద ముచ్చటతో ఒక బ్యాలెన్స్ బైక్ కొని తెచ్చారు. దానికి పెడల్స్, గొలుసు ఉండవు. పిల్లలు సీటు మీద కూర్చుని కాళ్లతో నేలను నెట్టుకుంటూ ముందుకు పోయే రెండు చక్రాల బండి అది. పెట్టె మీద ‘2 నుంచి 5 ఏళ్ల వారికి’ అని ఉంది. ఇనుప ఫ్రేము, గాలి టైర్లు, చేతి బ్రేకు, కాళ్లు పెట్టుకునే చిన్న పలక. మొత్తం బరువు ఐదున్నర కిలోలు. సీటును అడుగుకంటా దించినా నేల నుంచి 38 సెంటీమీటర్ల ఎత్తుంది. “ఎదిగే పిల్లవాడు కదా, కాస్త పెద్దదే తీసుకున్నాను” అన్నారట మామగారు.

మొదటి రోజే బాబును ఎక్కించి భర్త వెనక నుంచి తోశారు. బండి పక్కకు ఒరిగి బాబు దాని కింద పడ్డాడు. మోకాలు గీసుకుపోయింది. అప్పటి నుంచి బండి దగ్గరికి తీసుకెళితే చాలు, తల్లి కాళ్లను చుట్టేసుకుంటున్నాడు. ‘వీడు ఒట్టి పిరికివాడు, పక్క చక్రాలున్న పెడల్ సైకిలు కొందాం’ అని భర్త అంటున్నారు. ‘బడికి వెళ్లే వయసు వచ్చేదాకా ఏ బండీ వద్దు’ అని అత్తగారు. మామగారు ఏమీ అనరు గానీ రోజూ దాని మీది దుమ్ము తుడుస్తున్నారు. స్నేహితురాలి కూతురు, బాబు కంటే రెండు నెలలు చిన్నది, అప్పుడే రెండు కాళ్లూ పైకెత్తి జారుకుంటూ పోతోంది. “లోపం బండిలో ఉందా, బాబులో ఉందా, మా పెంపకంలో ఉందా? ఇంకోటి కొంటే మామయ్యగారు నొచ్చుకుంటారు. కొనకపోతే బాబు వెనకబడిపోతాడేమో. కొనాల్సి వస్తే ఏం చూసి కొనాలి, టైర్లు ఎలాంటివైతే మంచిది?” అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరం చదువుతుండగా నా కన్ను 38 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. మీరు దాన్ని బండి వివరాల్లో ఒకటిగా రాసుకుంటూ పోయారు గానీ, మూడు నెలలుగా మీ ఇంట్లో సాగుతున్న వాదనంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతోంది. 88 సెంటీమీటర్ల పొడవున్న పిల్లల్లో కాలి లోపలి కొలత, అంటే పాదం నుంచి గజ్జల వరకు ఉండే పొడవు, 33 నుంచి 36 సెంటీమీటర్ల మధ్య ఉండటం మామూలు. అంటే ఆ సీటు మీద కూర్చుంటే బాబు మడమలు నేలను తాకే అవకాశమే లేదు. కాలివేళ్ల కొసలు ఆనితే గొప్ప. కాళ్లు అందని ఎత్తున కూర్చోబెట్టి వెనక నుంచి ఎవరైనా తోస్తే మీరూ నేనూ కూడా రెండోసారి ఆ ఛాయలకు పోము. మీ బాబు చేసిందీ అదే. దాన్ని పిరికితనం అనడం అన్యాయం.

మీకు మొదటి పని కొలత తీయడం. బాబును చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబెట్టండి. సన్నటి అట్టపుస్తకం ఒకటి తీసుకుని రెండు కాళ్ల మధ్య నిలువుగా పెట్టి, దాని ఒక అంచు గోడకు ఆనేలా చూస్తూ, గజ్జలకు మెత్తగా తగిలేదాకా పైకి జరపండి. పుస్తకం పై అంచు గోడను తాకిన చోట పెన్సిలుతో గీత పెట్టి, నేల నుంచి ఆ గీత వరకు టేపుతో కొలవండి. చక్కిలిగింత పెట్టినట్టుండి బాబు మెలికలు తిరుగుతాడు, మునివేళ్ల మీద లేస్తాడు. ఒక్క కొలతను నమ్మకుండా రెండు మూడు సార్లు తీసి, అన్నిటిలోకి తక్కువ వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోండి. బ్యాలెన్స్ బైక్ సీటు కనిష్ఠ ఎత్తు ఈ కొలత కంటే రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్లు తక్కువగా ఉండాలి. కొలత 34 వచ్చిందనుకోండి, సీటు 29 నుంచి 31.5 దాకా దిగగలగాలి. సమానంగా ఉంటే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు, ఎందుకంటే నిటారుగా చాపిన కాలితో నేలను నెట్టలేం. అరికాలు పూర్తిగా ఆని, మోకాలు కొద్దిగా వంగి ఉంటేనే తన్నడానికి బలం వస్తుంది, ఒరిగినప్పుడు కాలు ఊనుకోవడానికి వీలవుతుంది.

పెట్టె మీది వయసు సంగతికి వస్తే, ఒకే నెలలో పుట్టిన ఇద్దరు పిల్లల మధ్య పది సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉండటం వింతేమీ కాదు. వయసు రాసేవాళ్లు సగటును ఊహించుకుని రాస్తారు, అమ్మకం కోసం ఆ అంచులను రెండు వైపులా ఇంకాస్త లాగుతారు కూడా. సీటు కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులు రాయని బండి ఎంత అందంగా ఉన్నా నేనైతే కొనను. మీ స్నేహితురాలి కూతురు విషయంలోనూ నన్నడిగితే ముందుగా తెలుసుకోవలసింది ఆ పాప ధైర్యం గురించి కాదు, ఆ పాప బండి సీటు ఎంత ఎత్తుందో. ఒకసారి టేపు పట్టుకుని చూడండి. మీ మనసులోని సగం దిగులు అక్కడే తీరిపోవచ్చు.

రెండో అంకె బరువు. పిల్లల బరువులో మూడో వంతు కంటే తక్కువగా, వీలైతే 30 శాతం లోపు బండి బరువు ఉండాలని ఒక మోటు లెక్క ఉంది. 12 కిలోల బాబుకు అది సుమారు 3.6 కిలోలు. మీ బండి ఐదున్నర, అంటే బాబు బరువులో దాదాపు సగం. అరవై కిలోల మనిషికి ఇరవై ఏడు కిలోల సైకిలు ఇచ్చి, అది పక్కకు వాలుతుంటే ఆపుకోమన్నట్టు ఇది. కాలు అందకపోవడానికి ఈ బరువు తోడైంది కాబట్టే బాబు ఊరికే పడిపోలేదు, బండి కింద పడ్డాడు. పిల్లలకు ఆ రెండింటికీ చాలా తేడా తెలుస్తుంది.

ఇక ఇప్పుడున్న బండిని ఏం చేయాలన్నది. మీ ముందు నాలుగైదు దారులున్నాయి. దేనికదే ఖర్చున్న దారి, ఖర్చంటే డబ్బు ఒక్కటే అనుకోవద్దు.

మొదటిది, సీటును ఇంకా దించగలమేమో చూడటం. సీటు గొట్టం లోపల ఎక్కడో తగులుకుని దిగడం లేదా, లేక సీటు అడుగే ఫ్రేముకు ఆనిపోయిందా గమనించండి. గొట్టం తగులుతుంటే సైకిలు మరమ్మతు చేసే మనిషి దాని కింది భాగాన్ని కొంత కోసి దించగలడు. అయితే కనీసం ఇంత భాగం లోపల ఉండాలని గొట్టం మీద ఒక గీత ఉంటుంది, కోశాక మిగిలిన గొట్టంలో కూడా అంత పొడవు ఫ్రేము లోపల తప్పకుండా ఉండాలి. మందపాటి సీటు తీసి పల్చటిది వేయించినా కొంత దిగుతుంది. ఇవన్నీ కలిపి ఒకటి రెండు సెంటీమీటర్లు రావచ్చు. మీకు కావలసింది ఆరేడు. పైగా బరువు తగ్గదు. కాబట్టి ప్రయత్నించి చూడటంలో తప్పు లేదు గానీ పెద్దగా ఆశ పెట్టుకోకండి.

రెండోది, బండిని అటకెక్కించి బాబు ఎదిగేదాకా ఆగడం. ఈ వయసులో పిల్లలు ఏడాదికి ఏడెనిమిది సెంటీమీటర్లు పెరుగుతారు, అందులో సగానికి అటూ ఇటూగా కాళ్లలో కలుస్తుంది. ఈ లెక్కన ఆ సీటు బాబుకు సరిగ్గా అమరేసరికి నాలుగున్నరేళ్లు వచ్చేస్తాయి. అప్పటికి చాలామంది పిల్లలు పెడల్ సైకిలుకు సిద్ధంగా ఉంటారు. డబ్బు ఆదా అవుతుంది, ఎవరి మనసూ నొప్పించినట్టు కాదు. పోయేది, కాళ్లతో నెట్టుకుంటూ తిరగడంలో ఎక్కువ సరదా ఉండే ఈ దాదాపు రెండేళ్ల కాలం. ఇది పెద్ద నష్టమా అంటే, కాదు. నాలుగేళ్లకు మొదలుపెట్టినవాళ్లూ హాయిగా నేర్చుకుంటారు. ‘వెనకబడిపోతాడేమో’ అన్న మాట మీ ఉత్తరంలో కనిపించింది. దాన్ని ఇక్కడే వదిలేయండి.

మూడోది, దీన్ని మార్చి చిన్నది, తేలికది తీసుకోవడం. మూడు నెలలైంది కాబట్టి దుకాణం వెనక్కి తీసుకుంటుందన్న ఆశ తక్కువే అయినా అడగడంలో పోయేదేమీ లేదు. లేదంటే ఎవరో ఒకరు వాడి వదిలేసిన చిన్న బండి దొరుకుతుందేమో చూడండి. ఈ బండ్లను పిల్లలు ఏడాది, రెండేళ్లకే దాటిపోతారు కాబట్టి వాడినవి మంచి స్థితిలోనే దొరుకుతుంటాయి. తీసుకునేటప్పుడు ముందు చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పండి. గరగరమనకుండా సాఫీగా చాలాసేపు తిరగాలి. హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ కుదిపితే లోపల టకటకమని ఆడకూడదు. ఫ్రేములో గొట్టాలు కలిసే అతుకుల దగ్గర రంగు పగిలి సన్నటి గీతలు కనిపిస్తే, ఎంత చవకైనా వద్దు.

నాలుగోది, మీ భర్త చెప్పిన పక్క చక్రాల సైకిలు. దీన్ని కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఆయన చెప్పేది మొండి వాదనేమీ కాదు. ఎన్నో తరాలు అలాగే నేర్చుకున్నాయి, బహుశా ఆయన కూడా.

రెండు చక్రాల బండి పడకుండా ఉండటానికి మనం చేసే పని చిన్నది: ఎడమకు ఒరిగితే హ్యాండిల్‌ను కాస్త ఎడమకే తిప్పుతాం. అప్పుడు చక్రాలు ఒరిగిన బరువు కిందికి వచ్చి చేరి బండి మళ్లీ నిలబడుతుంది. మలుపులోనూ అంతే, ఒంటిని మలుపు లోపలికి వాలుస్తాం. ఇది మాటలతో చెప్పి నేర్పించేది కాదు, ఒంటికి పట్టుబడాలి. పక్క చక్రాలున్న సైకిలు అసలు ఒరగదు. కాబట్టి ఈ పాఠం మొదలే కాదు. పైగా దాని మీద మలుపు తిరుగుతుంటే ఒళ్లు మలుపు బయటికి తూలుతుంది, అంటే పిల్లలు తిరగేసి నేర్చుకుంటారు. ఏడాది తర్వాత ఆ చక్రాలు విప్పిన రోజున అలవాటైనదంతా మరిచి కొత్తది నేర్చుకోవాలి, అదీ అప్పటికి బరువెక్కిన సైకిలు మీద, ఎత్తయిన సీటు మీద. మీ బాబు భయం ఏడాది వాయిదా పడుతుందే తప్ప పోదు.

వాటి వల్ల వచ్చే లాభమూ చెప్పాలి. పెడల్ తొక్కడం వస్తుంది, బండి మీద కూర్చోవడం అలవాటవుతుంది, పడిపోతానన్న బెంగ లేకుండా తిరగొచ్చు. అయితే తొక్కడమనేది ఈ మొత్తంలో తేలికైన భాగం. బ్యాలెన్స్ వచ్చిన పిల్లలకు పెడల్ ఇస్తే తొందరగానే పట్టేస్తారు. తొక్కడం వచ్చిన పిల్లలకు బ్యాలెన్స్ అంత సులభంగా రాదు. సైకిలు చరిత్ర కూడా ఈ వరుసలోనే నడిచింది. 1817లో, ఇప్పుడు జర్మనీలో ఉన్న మాన్‌హైమ్ నగరంలో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపి చూపిన తొలి రెండు చక్రాల బండికి పెడల్స్ లేవు. కొయ్యతో చేసిన ఆ బండి మీద పెద్దమనుషులు అచ్చం మన పిల్లల్లాగే కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయేవారు. ముందు చక్రానికి పెడల్స్ బిగించిన బండ్లు వాడుకలోకి రావడానికి 1860ల దాకా పట్టింది. ఈ సంగతి మీ భర్తకు చెప్పి చూడండి, మనుషులకు తమ వాదన ఓడిపోవడం కంటే కొత్త విషయం తెలియడం ఎక్కువ నచ్చుతుంది.

ఆయన అయినా పెడల్ సైకిలే కావాలంటే మధ్యేమార్గం ఒకటుంది. బాబు ఎత్తుకు సీటు దిగే చిన్న సైకిలు దొరికితే దాని పెడల్స్ విప్పేసి బ్యాలెన్స్ బైక్‌లాగా వాడొచ్చు, వచ్చాక మళ్లీ బిగించొచ్చు. ఎడమ పెడల్ మరలు మాత్రం తిరగబడి ఉంటాయి, మామూలుగా బిగించే దిశలో తిప్పితేనే ఊడుతుంది. మీ బాబుకు ఇప్పుడే ఇది పనికిరాకపోవచ్చు, ఎందుకంటే అలాంటి సైకిళ్లు బరువెక్కువ, మధ్యలో వెడల్పు ఎక్కువ కాబట్టి అడుగు వేస్తుంటే పిక్కలకు తగులుతాయి. నాలుగేళ్లు నిండినవాళ్లకైతే నేను మొదట చెప్పే దారి ఇదే.

ఏదీ కొనకుండా ఊరుకోవడం కూడా ఒక దారే. బాబు పరుగెత్తుతున్నాడు, ఎక్కుతున్నాడు, దూకుతున్నాడు. వాడి ఎదుగుదలకు ఈ బండి తప్పనిసరి కాదు.

నా మొగ్గు మూడో దారి వైపు ఉందని మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. అటు వెళ్లదలిస్తే ఏం చూడాలో చెబుతాను. సీటు ఎత్తు, బరువు ముందే చెప్పాను. ఆ రెండూ కుదరకపోతే మిగతావి చూడనక్కర్లేదు. ఫ్రేము అల్యూమినియందైతే తేలిక, తుప్పు బెడద తక్కువ. కొయ్యవి చూడముచ్చటగా ఉంటాయి, కానీ చాలావాటిలో సీటును రెండు మూడు రంధ్రాల మధ్యనే మార్చగలం, వానలో తడిస్తే ఉబ్బుతాయి. పొట్టి పిల్లలకు వాటిలో సరిపడే ఎత్తు దొరకడం కష్టం. చక్రాలు పన్నెండు అంగుళాలవి చాలు. పది అంగుళాలవి ఇంకా చిన్న పిల్లలకు పనికొస్తాయి గానీ చిన్న గుంటకు కూడా ఆగిపోతుంటాయి.

టైర్ల గురించి ప్రత్యేకంగా అడిగారు. గట్టి నురుగుతో చేసినవి తేలిక, పంక్చరు గొడవ లేదు. తడి నేల మీద, నున్నటి పలకల మీద పట్టు తక్కువ. గతుకుల్లో కుదుపు నేరుగా వెన్నుకు తగులుతుంది. గాలి టైర్లు మెత్తగా పోతాయి, పట్టు బాగుంటుంది, కాకపోతే బరువు పెరుగుతుంది, అప్పుడప్పుడు గాలి నింపాలి. మీ బాబు తిరిగేది ఎక్కువగా చదునైన గట్టి నేల మీదే అయితే నురుగు టైర్లే మేలు, ఎందుకంటే వాడి విషయంలో ప్రతి వంద గ్రాములూ లెక్కే. మట్టి, కంకర దారులైతే గాలి టైర్లు.

చేతి బ్రేకు గురించి దుకాణాల్లో చాలా చెబుతారు. మూడేళ్ల లోపు పిల్లల వేళ్లకు దాన్ని నొక్కే బలమూ ఉండదు, ఆగాలి అనుకున్నప్పుడు చెయ్యి గుర్తుకూ రాదు. కాళ్లే వాళ్ల బ్రేకులు. మూడున్నర దాటాక, వేగం పెరిగాక అది పనికొస్తుంది. అప్పుడైనా పిడి దగ్గరగా, చిన్న చేతికి అందేలా ఉండాలి. కాళ్లు పెట్టుకునే పలక అనవసరం. అడుగు వేసేటప్పుడు పిక్కకు, మడమకు తగిలేది అదే. ఇప్పుడున్న బండికి మరలతో బిగించి ఉంటే తీసేయండి. హ్యాండిల్ మరీ ఎక్కువ తిరగకుండా ఆపే ఏర్పాటు కొన్నింటిలో ఉంటుంది. పడినప్పుడు హ్యాండిల్ మెలితిరిగి పొట్టలో గుచ్చుకోకుండా అది కాపాడుతుందని కొందరు, సహజంగా తిప్పడం రాదని కొందరు వాదిస్తారు. నాకు దాని మీద పెద్ద పట్టింపు లేదు. హ్యాండిల్ కొసలకు మాత్రం మెత్తటి రబ్బరు పిడులు, చివర గుండ్రటి దిమ్మలతో ఉండాలి; మరల తలలు ఎక్కడా బయటికి పొడుచుకు రాకూడదు. మీ వేలితో అన్ని చోట్లా తడిమి చూడండి.

హెల్మెట్ మొదటి రోజు నుంచే. కనుబొమ్మలకు పైన రెండు వేళ్ల వెడల్పులో నుదుటి మీద సమంగా కూర్చోవాలి, పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు పట్టేంత సందు చాలు. గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌ను పైకి బాగున్నట్టున్నా మార్చేయాలి. ఇంకొక ముఖ్యమైన సంగతి: బండి దిగి జారుడుబల్ల, ఊయల వైపు పరుగెత్తితే ముందు హెల్మెట్ తీయండి. ఎక్కే ఆట సామాన్ల సందుల్లో ఒళ్లు దూరిపోయి హెల్మెట్ ఇరుక్కుంటే పట్టీ మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది. ముందు వైపు మూసి ఉన్న బూట్లు వేయండి. ఆగడానికి వేళ్లను నేలకు రాస్తుంటారు కాబట్టి బూట్ల ముందు భాగం త్వరగా అరిగిపోతుంది, దానికి సిద్ధపడండి.

అత్తగారి భయం సంగతి. కాళ్లు పూర్తిగా ఆనే బండి మీద పడితే సాధారణంగా పక్కకు దిగినట్టే పడతారని ఆమెకు చెప్పొచ్చు, నిజం కూడా. కానీ ఆమె మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. కాళ్లే బ్రేకులైనప్పుడు వాలు మీద వేగం అదుపు తప్పుతుంది. వాహనాలు తిరిగే దారి, మెట్ల అంచు, నీటి గుంట, ఏటవాలు: ఈ నాలుగింటికీ దూరంగా ఉన్న చోటునే ఎంచుకోవాలి. ఐరోపా నిబంధనల్లో సీటు గరిష్ఠ ఎత్తు 435 మిల్లీమీటర్లు దాటని బండ్లను సైకిలుగా కాక ఆటవస్తువుగానే లెక్కిస్తారు. రోడ్డు మీదికి పనికిరానిదని దాని అర్థం. అత్తగారిని ఎక్కడ నడిపించాలో మీరే చెప్పండి అని అడిగితే ‘వద్దు’ అనే ఆమె ‘అక్కడైతే సరే’ అనే అవకాశం ఉంది.

ఇప్పుడు బాబు భయం. కొత్త బండి వచ్చినా పాత జ్ఞాపకం వెంటనే పోదు, అందుకే మొదటి రోజు ఎక్కించే ఆలోచన పెట్టుకోకండి. ఇంట్లో ఒక చోట నిలబెట్టి వదిలేయండి. వాడు దాన్ని తోసుకుంటూ తిరుగుతాడు, చక్రం తిప్పుతాడు, సీటు మీద తన బొమ్మను కూర్చోబెడతాడు. తర్వాత ఎప్పుడో రెండు కాళ్ల మధ్య బండిని పెట్టుకుని, సీటుకు ఆనకుండా నిలబడే నడుస్తాడు. పెద్దలకు ఇక్కడే ఓపిక పోయి ‘కూర్చో, కూర్చో’ అంటారు. అనకండి. నిలబడి నడవడం విసుగనిపించిన రోజున సీటు మీద బరువు వేస్తాడు, అడుగులు పొడవవుతాయి, మధ్యలో ఒక్క క్షణం రెండు కాళ్లూ గాలిలో ఉంటాయి. ఇది కొందరికి రోజుల్లో వస్తుంది, కొందరికి నెలలు పడుతుంది. పది నిమిషాలు ఆడి వదిలేస్తే వదిలేయనివ్వండి. చదునైన గట్టి నేల ఎంచుకోండి. పచ్చిక మీద పడితే మెత్తగా ఉంటుంది గానీ నెట్టడం కష్టమై విసుగు వస్తుంది. ఎవరూ వెనక నుంచి తోయకూడదు, హ్యాండిల్ పట్టుకోకూడదు. హ్యాండిల్ మీరు పట్టుకుంటే బ్యాలెన్స్ మీకు వస్తుంది, వాడికి రాదు. తప్పదనిపిస్తే చంకల కింద తేలికగా చెయ్యి వేసి పక్కన నడవండి. బాబు ఎదిగే కొద్దీ, మోకాళ్లు మరీ ముడుచుకుంటున్నాయని కనిపించినప్పుడల్లా సీటును కొంచెం పైకి జరుపుతుండాలి.

మీ భర్తతో మాట్లాడవలసింది ఒక్కటే ఉంది, ‘పిరికివాడు’ అన్న మాట బాబు వినేలా అనవద్దని. కారణం మీరు వాదించి చెప్పనక్కర్లేదు. కొలత తీసే రోజున పుస్తకం ఆయన చేతికివ్వండి, టేపు మీద అంకె ఆయనే చదవనివ్వండి.

మామగారి విషయం మీరు అనుకున్నంత జటిలం కాకపోవచ్చు. తాతగారు కొన్నది మనవడు తిరుగుతుంటే చూడాలని. రోజూ దుమ్ము తుడుస్తున్నారంటే, అది ఎందుకు కదలడం లేదని ఆయన కూడా లోపల మథనపడుతున్నారన్న మాట. ఆయనకు తెలియకుండా కొత్తది తెస్తే తప్పకుండా నొచ్చుకుంటారు. “మామయ్యగారూ, బండి బాగుంది, బాబు కాలే ఇంకా దాన్ని అందుకోలేదు. చూడండి, కొలత ఇంత వచ్చింది. కాలికి సరిపోయేది మీరే చూసి పెట్టండి” అంటే నొచ్చుకునే తావుండదు. మార్చడమా, దాచడమా, ఎవరికైనా ఇవ్వడమా అన్న నిర్ణయం ఆయనకే వదిలేయొచ్చు. చిక్కేమిటంటే, నిర్ణయం ఆయనకు వదిలాక ఆయన ‘దీన్నే దాచుదాం, ఎదిగాక ఎక్కుతాడు’ అన్నా మీరు ఒప్పుకోవాలి. అప్పుడు చిన్న బండి ఎవరి దగ్గరైనా కొన్ని నెలలకు అరువు తెచ్చుకోవడం మీ చేతిలో ఉంటుంది. ఆయన మాట ఎలా ఉంటుందో మీకే బాగా తెలుసు, కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుందో లేదో కూడా మీరే తేల్చుకోవాలి.

ఉత్తరం చివర, కొట్టివేసి మళ్లీ రాసిన ఒక చిన్న ప్రశ్న ఉంది: ఏ బండి కొన్నా దానికి గంట బిగించవచ్చా, బాబుకు గంటలంటే ఇష్టం అని. బిగించండి. స్ప్రింగు మీటతో మోగేది చిన్న బొటనవేలికి కష్టం, తిప్పితే మోగే రకం నయం. మోకాలు తగిలే చోట కాకుండా హ్యాండిల్ పిడి పక్కన పెట్టించండి. అది రోజంతా మోగుతుందని మాత్రం అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.